కిటికీలో కప్పు

జూన్ 9

మామయ్యకు,

నమస్కారం. నేను బాగున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉందో రాయి. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఫోన్లో నువ్వు రెండుసార్లు "ఊఁ" అని, మూడోసారి "ఇదిగో మీ అమ్మకిస్తున్నా" అంటావు. పైగా ఇక్కడ ఫోను ముందుగదిలో ఉంది. దాని పక్కనే మా అత్తగారి కుర్చీ. నేను అడగాల్సినవన్నీ ఆవిడ గురించే. అందుకని ఉత్తరమే దిక్కు.

ఈ ఇంటికి వచ్చి నెల కావస్తోంది. మీ అల్లుడు మంచివాడే. బస్సుల షెడ్డు నుంచి వచ్చేసరికి నిలువునా మసి, స్నానం చేస్తే గానీ ఎవరో పోల్చుకోలేను. నాకు బజారులో కళ్ళద్దాల దుకాణంలో పని దొరికింది. సాయంత్రం దాకా అక్కడే. ఇబ్బంది అంతా ఇంటికి వచ్చాకే.

మొదటిది తిండి. వచ్చిన కొత్తలో అత్తగారు "ఇంకాస్త పెట్టనా?" అన్నారు. మనింట్లో అన్నట్టే "వద్దండీ" అన్నాను. మనింట్లో అయితే "వద్దంటే ఎలా?" అని రెండోసారి, "నా మీద ఒట్టు" అని మూడోసారి గరిటె దిగుతుంది కదా. ఆవిడ గిన్నె మీద మూత పెట్టేశారు. అంతే. కొన్నాళ్ళు సగం కడుపుతోనే దుకాణానికి వెళ్ళాను. ఎవరికో చూపు పరీక్ష చేస్తుంటే గోడ మీద అక్షరాలు నాకే కనబడలేదు.

ఇంకొకటి. నాకు ముందే, ఒక్కదానికే పెడతారు. నేను తిని లేచాక తల్లీ కొడుకూ కూర్చుంటారు. నా కంచం కూడా వేరు, అంచున ఎర్ర గీత ఉన్నది. ఆయన్ని అడిగితే "అమ్మ పద్ధతి అది, మెల్లగా సర్దుకుంటుందిలే" అంటాడు. మగవాళ్ళు సర్దుకుంటుంది అన్నారంటే తాము తప్పుకుంటున్నారని అర్థం. పొద్దున "వెళ్ళొస్తానండీ" అంటే ఆవిడ కుర్చీలోంచే తల ఊపుతారు. గుమ్మం దాకా ఎవరూ రారు. అమ్మ నన్ను బడికి పంపినా వీధి మలుపు దాకా వచ్చేది.

ఆవిడకి దగ్గు ఉంది. మంచి దగ్గు కాదు. ఎలా ఉందని అడగొచ్చా, కూడదా?

మన రేవువాళ్ళలో, మా అత్తగారిలాంటి గట్టువాళ్ళ ఇళ్ళల్లో రోజుల తరబడి కూర్చున్నవాడివి నువ్వొక్కడివే. ముప్ఫై ఏళ్ళ దగ్గరగా వాళ్ళ సోఫాలు కట్టావు. ఈ పెళ్ళి వద్దని అందరూ అంటుంటే "వాళ్ళూ మనుషులే, మర్యాదలు వేరు, అంతే" అని నా పక్కన నిలబడ్డదీ నువ్వొక్కడివే. కాబట్టి ఆ మర్యాదలేవో నువ్వే చెప్పాలి. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకని అడుగుతున్నానని నాకు ఈ పేరు పెట్టినందుకు అనుభవించు.

నీ
ఎందుకమ్మ


జూన్ 15

అమ్మాయికి,

ఉత్తరం అందింది. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. నూనె రాస్తోంది. నాకు పని ఉంది. బ్యాంకువాళ్ళ కుర్చీలు, రెక్సిన్ మార్చాలి.

నువ్వు అడిగినవాటికి చెబుతాను. నేను చూసినవే చెబుతాను, విన్నవి కాదు.

గట్టువాళ్ళు ఒక్కసారే అడుగుతారు. అది పిసినారితనం కాదు. నువ్వు వద్దంటే వద్దనే అనుకుంటారు. నీ మాటకు విలువ ఇచ్చినట్టు. నేను ముప్ఫై ఏళ్ళలో ఏ ఇంట్లోనూ రెండోసారి అడగగా వినలేదు. కాబట్టి మొదటిసారే "పెట్టండి" అను. మొహమాటపడితే పస్తే.

ముందుగా, విడిగా పెట్టడం కూడా వాళ్ళ మర్యాదే. వచ్చినవాడికి వేరే పెడతారు. నాకు ఏ ఇంట్లోనైనా వేరే కప్పు ఉండేది. తెల్లది, నీలం అంచు ఉండేది. వంటింటి కిటికీలో బోర్లించి పెట్టేవాళ్ళు. ఇంట్లోవాళ్ళెవరూ దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. మళ్ళీ ఏడాదికి వెళ్ళినా అదే కప్పు, అదే కిటికీలో. మన ఇళ్ళల్లో ఎవరి కప్పు ఎవరు తాగుతున్నారో మనకే తెలియదు. వాళ్ళు అలా కాదు.

గుమ్మం దాకా రారు. ఎవరి పని మీద వాళ్ళు పోతారని. దానికి బాధపడకు.

జబ్బు మాట మాత్రం ఎత్తకు. వాళ్ళు జబ్బు పేరు పైకి అనరు. ఒక ఇంట్లో వారం రోజులు దివాను మంచం కట్టాను. పక్క గదిలో పెద్దాయన చావుబతుకుల్లో ఉన్నాడట. ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఆ దివాను ఆయన కోసమేనని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. అలాంటివాళ్ళు. నువ్వు అడిగితే నొచ్చుకుంటారు.

మీ అత్తగారి కుర్చీ ఎలాంటిది? చెక్కదా, పేముదా?

మీ మామయ్య


జూలై 2

మామయ్యకు,

నీ మాట మంత్రంలా పని చేసింది. మొన్న అత్తగారు "ఇంకాస్త..." అనగానే "పెట్టండి" అన్నాను. ఆవిడ మాట పూర్తి కాలేదు, గరిటె గాల్లో ఉండగానే అనేశాను. ఒక్క క్షణం నా వంక చూసి పెట్టారు. ఇప్పుడు కడుపు నిండా తింటున్నాను. మీ అల్లుడు "పెళ్ళైన కొత్తలో సిగ్గుపడి ఇప్పుడు లెక్కలు సరిచేస్తున్నావా?" అంటున్నాడు.

అసలు సంగతి. నువ్వు రాసిన కప్పు మా వంటింటి కిటికీలోనూ ఉంది! తెల్లది, నీలం అంచుది, బోర్లించి. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నాను, ఏమిటో తెలియలేదు. నీ ఉత్తరం పట్టుకునే వంటింట్లోకి పరిగెత్తాను. గట్టువాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా ఒకటేనన్నమాట.

వచ్చే ఆదివారం అత్తగారి అక్కగారు వస్తున్నారు. నన్ను చూడటానికే. ఆవిడ మాట ఈ ఇంట్లో శాసనమట. అత్తగారికి అప్పుడే చెమటలు. నేను టీ పెట్టి నా చేత్తో ఇస్తానన్నాను. ఆవిడకి ఆ కప్పులోనే ఇవ్వనా? గట్టువాళ్ళ మర్యాద ఈ పిల్లకి అప్పుడే వచ్చేసిందనుకుంటారు.

దగ్గు ఎక్కువైంది. నువ్వు చెప్పావని అడగలేదు. ఆవిడ దగ్గుతుంటే నేను పక్కగదిలోకి వెళ్ళిపోతున్నాను. కుర్చీ పేముది. మధ్యలో కుంగిపోయి ఊయలలా అయింది. ఆవిడ రోజంతా అందులోనే.

నీ
ఎందుకమ్మ


జూలై 6

అమ్మాయికి,

ఉత్తరం ఇప్పుడే అందింది. ఆదివారం లోపల నీకు చేరాలని వెంటనే రాస్తున్నాను.

ఆ కప్పులోనే ఇవ్వు. ముందు వేడినీళ్ళతో కడుగు. నింపకు, అంచుకి వేలెడు తక్కువగా పొయ్యి. ఇచ్చి పక్కకి నిలబడు. తాగుతుంటే మాట్లాడించకు.

మీ అమ్మకి చదివి వినిపించాను. "నా కూతురు గట్టువాళ్ళకే మర్యాద నేర్పేలా ఉంది" అని వీధిలో అందరికీ చెప్పింది. చెప్పొద్దన్నాను. విన్నదా?

పేము కుర్చీ అయితే అడుగున అల్లిక తెగి ఉంటుంది. నవారు వేస్తే కొన్నాళ్ళు ఆగుతుంది.

మీ మామయ్య


జూలై 20

మామయ్యకు,

నమస్కారం. అందరూ బాగున్నారు. దుకాణంలో పని ఎక్కువగా ఉంది. ఇక్కడ వానలు పడుతున్నాయి. అమ్మని నడవమను.

అడగాల్సినవి ఏమీ లేవు.

నీ మేనకోడలు


ఆగస్టు 1

అమ్మాయికి,

నీ ఉత్తరం చూసి మీ అమ్మ రెండో పేజీ ఏదని అడిగింది. లేదన్నాను.

పెద్దావిడ వచ్చిందా? టీ తాగిందా? మంచి జరిగి ఉంటే రాసేదానివి. చెడు జరిగినా రాసేదానివే. ఏమీ రాయలేదంటే నాకు అర్థం కాలేదు. నీ పేరు కూడా వేరేగా రాశావు.

ఇంకా ఒకటి రెండు గుర్తొచ్చాయి. వాళ్ళ ఇళ్ళల్లో ముందు తలుపు కన్నా పక్క తలుపు వాడితే మేలు. నాకు అలాగే చెప్పేవాళ్ళు. ముందుగది చాపలు పాడవకుండా అనుకుంటాను. ఎవరైనా మాట్లాడుకుంటుంటే మధ్యలో వెళ్ళకు, వాళ్ళే ఆపేస్తారు.

బ్యాంకు పని అయిపోయింది. ఈ నెలాఖరుకి మీ ఊరు వద్దామనుకుంటున్నాను. మీ అత్తగారి కుర్చీ బాగు చేస్తాను. పనిముట్లు, పేము నేనే తెచ్చుకుంటాను. ఒక పగలు పని. ఊరికే వచ్చి కూర్చోవడం నాకు చేతకాదు. పని చేస్తూ ఉంటే ఆవిడకీ ఇబ్బంది ఉండదు.

మీ మామయ్య


ఆగస్టు 6

మామయ్యకు,

పనిముట్లు తేవొద్దు. నీకు దండం పెడతాను. అసలు ఇప్పుడు రావొద్దు. ఎందుకని అడగకు.

కుర్చీ బజారులో ఎవరి చేతైనా బాగు చేయిస్తాం.

నీ మేనకోడలు


ఆగస్టు 12

అమ్మాయికి,

సరే.

బజారులో చేయించేటప్పుడు ప్లాస్టిక్ తీగ వేయనివ్వకండి. ఎండకి పెళుసు బారుతుంది.

సుత్తి పట్టుకునే మామయ్య ఉన్నాడని మీ కొత్తవాళ్ళకు తెలియడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయొచ్చు. నేను ఏమీ అనుకోను. నీ పెళ్ళికి కూడా నేను వెనక వరసలోనే కూర్చున్నాను. ఫోటోలో లేను.

మీ అమ్మ బాగుంది.

మీ మామయ్య


ఆగస్టు 17

మామయ్యా,

ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నా పెళ్ళి ఫోటోలో నువ్వు లేకపోవడానికి కారణం, వంటవాళ్ళ బెంచీ కాలు విరిగితే ఆ టైముకి నువ్వు దానికి మేకులు కొడుతున్నావు. నాకు తెలియదనుకున్నావా?

చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

పెద్దత్తగారు వచ్చారు. నువ్వు చెప్పినట్టే కప్పు వేడినీళ్ళతో కడిగాను. వేలెడు తక్కువగా పోశాను. తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కప్పు వంక చూశారు. తర్వాత చెల్లెలి వంక చూశారు.

"ఏమే, నేనేమైనా నీ ఇంట్లో గోడలకి సున్నం వేయడానికి వచ్చానా?" అన్నారు.

అత్తగారి మొహంలో నెత్తురు లేదు. "అక్కా, పిల్లకి తెలీదు..."

"తెలీకపోవడమేంటి? తెలిసే ఇచ్చింది. వాళ్ళవాళ్ళకి పోసే కప్పు ఏదో వాళ్ళకి తెలీదూ! బాగానే కక్ష తీర్చుకుంది."

టీ అలాగే ఉంది. ఆవిడ వెళ్ళిపోయారు.

రాత్రి ఆయన చెప్పాడు. కిటికీలో కప్పు ఇంటికి పని చేయడానికి వచ్చే రేవువాళ్ళకట. నీళ్ళైనా టీ అయినా అందులోనే. అందుకే ఎవరూ ముట్టుకోరు. అందుకే ఏడాదికి వెళ్ళినా అక్కడే ఉంటుంది. మామయ్యా, అది నీ కోసం దాచింది కాదు. నీ నుంచి దాచుకున్నది.

అప్పటినుంచి కళ్ళు పెట్టి చూస్తున్నాను. పక్కింటావిడ వస్తే అత్తగారు ఎన్నిసార్లు అడిగారో తెలుసా? "తిను", "కొంచెం తిను", "ఏంటే నీ మొహమాటం, తినకపోతే నీతో మాట్లాడను". అచ్చం అమ్మ! వెళ్ళేటప్పుడు ఆ దగ్గుతోనే గేటు దాకా వెళ్ళి, గేటు దగ్గర ఇంకో గంట. పక్కింటావిడ "దగ్గెలా ఉంది?" అని అడిగితే, ఏ మందు వాడారో, ఏ డాక్టరు ఏమన్నాడో, రాత్రి ఎన్నిసార్లు లేచారో మొత్తం కథ. చివర్లో నాకు వినబడేలా అన్నారు: "ఇంట్లో మనిషుంది. ఒక్కనాడైనా, అత్తయ్యా ఎలా ఉంది అని అడగలేదు. దగ్గితే లేచి పక్కగదిలోకి పోతుంది."

వాళ్ళు ఒక్కసారే అడిగేవాళ్ళు కాదు. నిన్ను ఒక్కసారే అడిగారు. వాళ్ళు జబ్బు గురించి మాట్లాడనివాళ్ళు కాదు. నీ ముందు మాట్లాడలేదు. నువ్వు చూసినవే చెప్పావు. నీకు చూపించినవే నువ్వు చూశావు.

నిన్న తెగించి ఆవిడనే అడిగాను, నాకెందుకు విడిగా పెడుతున్నారని. ఆవిడ నిజంగానే తెల్లబోయారు. "మీవాళ్ళు మా ఇళ్ళల్లో తినరు కదమ్మా. ఎంతమంది పనికొచ్చారు, ఒక్కరు మాతో కూచున్నారా? గోడవైపు తిరిగి తినేవాళ్ళు. మీ పద్ధతేమో, కలిసి కూచోమంటే నలిగిపోతావేమోనని." నమ్మాలో లేదో తెలియడం లేదు. ఒకసారి నమ్ముతాను. కిటికీ వంక చూస్తే నమ్మలేను.

మీ అల్లుడు ఆ కప్పు పారేస్తానన్నాడు. వద్దన్నాను. షెడ్డు దగ్గర అద్దె గది చూశాడు. వెళ్ళిపోతే ఆవిడ ఒక్కతే ఆ దగ్గుతో ఉండాలి. ఉంటే నేను ఎర్ర గీత కంచంలో తింటూ ఉండాలి. నేను ఒకటి అనుకున్నాను. నువ్వు రా. పనిముట్లు లేకుండా, పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా వేసుకుని, ముందు తలుపులోంచి రా. ఆవిడ నీకు ఏ కప్పులో ఇస్తారో చూస్తాను. కిటికీలో కప్పు అయితే అదే సాయంత్రం నీతో బయలుదేరి వచ్చేస్తాను. సంచి సర్ది మంచం కింద పెట్టాను. ఆయనకి కూడా చెప్పలేదు.

నీ
ఎందుకమ్మ


ఆగస్టు 29

ఎందుకమ్మకు,

రెండుసార్లు రాసి చించాను.

నాకు తెలియదని నువ్వు అనుకుంటున్నావు. తెలుసు. ఒక ఇంట్లో నేను సోఫా కడుతుంటే మన రంగులాయన కూడా పనికి వచ్చాడు. అతను ముందు తాగాడు. అదే కప్పు కడిగి నాకు పోశారు. అప్పుడు తెలిసింది. కానీ మర్నాడు మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. సోఫా సగంలో ఉంది, స్ప్రింగులు బయటికి ఉన్నాయి. మర్యాద అనుకుంటే కాళ్ళు నడిచాయి. సాయంత్రం మీ అమ్మ "ఎలా చూశారు?" అని అడిగితే "బాగా చూశారు, వేరే కప్పు పెట్టారు" అన్నాను. తను సంతోషించింది. తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైంది. నువ్వు అడిగినప్పుడు ఆలోచించకుండానే రాశాను.

ఒక్కసారే అడుగుతారనేది మాత్రం నిజమే అనుకున్నాను. అది నాకు తెలియదు. వాళ్ళు కూడా మనలాగే గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటారని తెలియదు. నేను పక్క తలుపులోంచి వెళ్ళేవాణ్ణి కదా.

వస్తాను. సెప్టెంబరు మొదటి శనివారం. నువ్వు దుకాణం నుంచి వచ్చే వేళకి ఉంటాను. పనిముట్లు తేను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చూడాలి.

సంచి సంగతి మీ అమ్మకి చెప్పలేదు. నువ్వు ఒక కప్పు మీద ఇంత బరువు పెట్టావు. అది నాకు బాగా లేదు. ఆవిడకి ఈ పరీక్ష సంగతి తెలియదు కూడా. అయినా వస్తాను.

మీ మామయ్య


సెప్టెంబరు 10

మామయ్యా,

నువ్వు వెళ్ళాక రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

శనివారం నేను గుండె చేతిలో పట్టుకుని వచ్చాను. నువ్వు సాయంత్రం వస్తానని మధ్యాహ్నమే వచ్చేశావట. గేటు తీస్తుంటే ముందుగది కిటికీలోంచి కనబడ్డావు. సోఫా అంచు మీద, దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు కూర్చున్నావు. చేతులు మోకాళ్ళ మీద. నేను చెప్పులు విప్పి, బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి బల్ల మీద రెండు కప్పులు. రెండూ గోధుమ రంగు పువ్వులవి, మేం రోజూ తాగేవి. నీ కప్పు అడుగున ఇంకా కాస్త టీ ఉంది. వంటింట్లోకి వెళ్ళి చూశాను. తెల్ల కప్పు కిటికీలో బోర్లించే ఉంది.

నిన్ను రైలెక్కించి వచ్చి, మంచం కిందినుంచి సంచి లాగి బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టాను. ఏడుస్తూ, నవ్వుకుంటూ పెట్టాను. మర్నాడు ఎర్ర గీత కంచం పక్కకి పెట్టి ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చారు. "అత్తయ్యా, రాత్రి దగ్గెలా ఉంది?" అని అడిగాను. మామయ్యా, అన్నం చల్లారిపోయేదాకా చెప్పారు.

సోమవారం, అంట్లు తోముతుంటే ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డారు.

"మీ మామయ్యని ఒకటి అడుగుదామనుకుని మర్చిపోయాను. నువ్వైనా చెప్పు. మీవాళ్ళలో అదేమైనా ఆచారమా?"

"ఏది అత్తయ్యా?"

"నేను టీ మంచి కప్పుల్లోనే పోశాను. ఆయన లేచి, నేను చూస్తుండగానే వంటింట్లోకి వెళ్ళి, కిటికీలో కప్పు తెచ్చుకుని అందులో వంపుకున్నాడు. 'అయ్యో, అదెందుకు అన్నయ్యగారూ' అన్నాను. 'పరవాలేదండీ' అన్నాడు. 'నా మాట వినండి, ఇది తీసుకోండి' అన్నాను. 'అలవాటండీ' అన్నాడు. మూడోసారి చెయ్యి పట్టుకోబోయాను, వెనక్కి తీసుకున్నాడు. ఇంకేమంటాను? సరే, తాగాడు. ఇంతలో నువ్వు గేటు తీస్తున్న చప్పుడైంది. గబగబా లేచి ఆ కప్పు కడిగి కిటికీలో పెట్టేసి, మంచి కప్పు మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టి, అందులో ఇన్ని టీచుక్కలు పోశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నీతో చెప్పొద్దని సైగ కూడా చేశాడు. ఎందుకమ్మా అది? నేనేమైనా తప్పు చేశానా?"

చేతిలో గిన్నె కడిగి పక్కన పెట్టాను.

నువ్వు నా కోసం కప్పు మార్చావు, సరే. నేను సంచి పట్టుకుని వచ్చేస్తానని భయపడ్డావు. అది అర్థమైంది. ఆవిడ ఆ కప్పు ఇచ్చి ఉంటే ఏం చేయాలో నేను నిర్ణయించుకున్నాను. నువ్వే తెచ్చుకుంటే ఏం చేయాలో అనుకోలేదు. ఆవిడ మూడుసార్లు అడిగారు మామయ్యా. నిన్ను మూడుసార్లు అడిగారు.

ఆవిడకి ఇంకా జవాబు చెప్పలేదు. తెలుసుకుని చెబుతానన్నాను. ఇన్నాళ్ళూ నాకు జవాబులు నువ్వే కదా చెప్పావు. ఇది కూడా నువ్వే చెప్పు.

నీ
ఎందుకమ్మ


సెప్టెంబరు 16

ఎందుకమ్మకు,

ఆచారం కాదని చెప్పు. ఆవిడ తప్పు ఏమీ లేదని చెప్పు. ముందు అది చెప్పు, తర్వాత ఇది చదువు.

నేను ముందుగా వచ్చింది ఎందుకంటే, ఏం జరగాల్సి ఉన్నా నువ్వు లేనప్పుడే జరిగిపోవాలని. ఆ కప్పు ఇస్తే తాగేసి, నువ్వు వచ్చేలోపల కడిగి పెట్టేద్దామని రైల్లోనే అనుకున్నాను. ఆవిడ ఇవ్వలేదు. పువ్వుల కప్పు నా ముందు పెట్టి, అన్నయ్యగారూ అంది. ముప్ఫై ఏళ్ళు ఆ ఇళ్ళల్లో నన్ను మేస్త్రీ అన్నారు. ఆ కప్పు చూస్తుంటే చెయ్యి వణికింది. పగలగొడతానేమో అనిపించింది. వంటింటి తలుపులోంచి కిటికీ కనబడుతోంది. నేను లేచింది నాకు తెలుసు. నడిచింది తెలుసు. ఆపలేకపోయాను. ఆ కప్పు చేతిలోకి రాగానే వణుకు తగ్గింది. అన్నిటికన్నా నాకు బాగా లేనిది అదే.

ఆవిడ మూడోసారి అడిగినప్పుడు నాకు తెలిసింది, పక్కింటావిడ గురించి నువ్వు రాసింది ఇదేనని. అప్పటికి టీ ఆ కప్పులో ఉంది.

ఆ కుర్చీ అడుగు చూశాను. అల్లిక మూడు వంతులు పోయింది. చేతులు ఊరుకోలేదు గానీ ఊరుకోబెట్టాను. ఆ మేరకు నీ మాట నిలబెట్టాను.

మళ్ళీ వస్తాను. వచ్చే నెల. మీ అమ్మని కూడా తెస్తాను. తను మొహమాటపడదు, రెండు రకాల కప్పుల్లోనూ తాగేస్తుంది. ఈసారి నన్ను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టు.

ఇంతకాలం నువ్వు అడిగావు. ఇప్పుడు నాకు కొన్ని తెలియాలి. వాళ్ళు మూడోసారి అడిగినప్పుడు ఒప్పుకోవడం ఎలా? ఏదైనా మాట అనాలా, ఊరికే కప్పు తీసుకుంటే చాలా? సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చోవచ్చా? నేను కట్టినవాటిలో ఎప్పుడూ కూర్చోలేదు, చేత్తో నొక్కి చూసేవాణ్ణి. వెళ్ళేటప్పుడు ఆవిడ గేటు దాకా వస్తే అక్కడ ఎంతసేపు నిలబడాలి, ఏం మాట్లాడాలి?

ఆవిడ దగ్గు గురించి అడగాలని ఉంది. అంతసేపు ఎదురుగా కూర్చున్నాను, నోరు రాలేదు. నువ్వు ఏమని అడిగావో, ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పంపు.

మీ మామయ్య